అల్లుడా, ఆ పాత టన్నెళ్లు తీసెయ్

కర్నూల్లో కేబుల్ నెట్ పని నువ్వే సూసుకుంటాండావని అక్క చెప్పింది, సంతోషం. పాత రౌటర్లు, పాత సిస్టాలు వాడుకో తప్పులేదు గానీ వాటిల్లో సిక్స్‌టుఫోర్, టెరిడో అని, ఐపీవీ6ని (కొత్త రకం నెట్ అడ్రస్‌ల పద్ధతి) పాత ఐపీవీ4 నెట్ మీద మోసే టన్నెళ్లు ఆన్‌లో ఉంటే ముందు ఆపెయ్.

ఎందుకంటే, 2010లో అనంతపురంలో నాకు నెట్ సెంటర్ ఉండేది గదా, ఒకాయన మ్యాక్ లాప్‌టాప్ తెచ్చుకున్యాడు, కొన్ని సైట్లు నిమిషం దాటినా తెరుచుకోవు, పక్కన విండోస్ సిస్టాల్లో అవే సైట్లు టక్కున వస్తాండాయి. కేబుల్ మార్చినా, స్విచ్ మార్చినా, ప్రొవైడర్‌ని తిట్టినా, ఏం లాభం? ఆఖరికి చూస్తే ఆ లాప్‌టాప్‌కి 2002తో మొదలయ్యే అడ్రస్ ఒకటి వచ్చింది, అంటే సిక్స్‌టుఫోర్‌ది. ఇచ్చింది ఎవరనుకున్యావ్, కౌంటర్‌లో నేను నెట్ షేరింగ్ పెట్టిన నా సిస్టమే! ప్రొవైడర్‌ని ఊరికే తిట్టినా.

ఐపీవీ6 ఎవరూ ఇయ్యని రోజుల్లో, 2001లో, పెట్టిన ఏర్పాటు ఈ సిక్స్‌టుఫోర్. ఐపీవీ6 ప్యాకెట్‌ని ఐపీవీ4 ప్యాకెట్లో చుట్టి 192.88.99.1కి పంపితే దగ్గర్లో ఏ రిలే (ఐపీవీ4, ఐపీవీ6 నెట్‌లని కలిపే రౌటర్) ఉంటే అది అందుకుంటుంది, జవాబు ఇంకెవరిదో రిలే మీద వస్తుంది, మధ్యలో పోతే అడిగేదానికి మనిషే లేడు. అందుకే 2015 మేలో ఆ రిలే పద్ధతి వద్దని ఆర్ఎఫ్‌సీ 7526 అనే నెట్ ప్రమాణాల పత్రంలో రాసేసినారు. విండోస్ 10 కూడా వచ్చే కొద్దీ సిక్స్‌టుఫోర్, ఐసాటాప్ (అట్లాంటిదే ఇంకో టన్నెల్), టెరిడో వరసగా డిఫాల్ట్‌గా ఆపేసింది. సిక్స్‌ఎక్స్ఎస్ అని మంచి టన్నెల్ సర్వీసు ఉండేది, ఫ్రీగా ఇచ్చేవాళ్లు, వాళ్లూ 2017 జూన్ 6న మూసేసినారు, మీ ప్రొవైడర్నే అడుక్కోండి అని.

నువ్వూ అదే చెయ్, పైవాళ్లని నేటివ్ (టన్నెల్ లేకుండా నేరుగా వచ్చే) ఐపీవీ6 అడ్రస్‌ల బ్లాక్ అడుగు, ఇంటికి /56 సైజు బ్లాక్ అయినా ఇయ్యి, ఒక్కో /64 (అంతకంటే చిన్నది) ఇచ్చి పిసినారితనం చెయ్యాకు. అడ్రస్ 2001తో మొదలైందని భయపడొద్దు, దాని వెంటనే సున్నా ఉంటేనే టెరిడో, మిగతావి అసలైనవే. టెరిడో వాడే యూడీపీ 3544, టన్నెళ్లు వాడే ప్రోటోకాల్ 41 కస్టమర్లలో ఎవరెవరి దగ్గర్నుంచి వస్తాందో రెండ్రోజులు లాగ్ చూడు, కావాలనే టన్నెల్ పెట్టుకున్న పిల్లోడు ఒకడుంటాడు, వాణ్ని అడక్కుండా బ్లాక్ చెయ్యాకు. ఫోన్లలో 464ఎక్స్‌లాట్ కనిపిస్తే దాని జోలికి పోవద్దు, అది ఐపీవీ6 నెట్ మీద ఐపీవీ4 యాప్‌లు నడిచేదానికి పెట్టింది, పాతది కాదు.

ఇంకోటి, ఎవుడో చెప్పినాడని సిస్టాల నెట్ సెట్టింగుల్లో ఐపీవీ6 మొత్తానికే టిక్ తీసేస్తాండారంట మీ కుర్రోళ్లు. ఆ టిక్ మళ్లీ పెట్టించు. ఆదివారం వస్తా, లాగ్ తీసిపెట్టు.

మీ మామ