‘ట్వెల్ఫ్త్ నైట్’ నాటకాన్ని తెరపై చూడాలంటే ఏ ప్రదర్శనతో మొదలుపెట్టాలి?

షేక్‌స్పియర్ హాస్యనాటకం ‘ట్వెల్ఫ్త్ నైట్’ను ఇంట్లో కూర్చుని చూడాలని ఉందని, నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు అర్థం కాదేమోనని బెరుకుగా ఉందని, చిత్రీకరించిన ప్రదర్శనల్లో దేనితో మొదలుపెట్టాలో చెప్పమని మీరు అడిగారు. లండన్ గ్లోబ్ నాటకశాలలో 2012లో చిత్రీకరించిన ప్రదర్శనను ముందుగా చూడమని నా సలహా. టిమ్ కారోల్ దర్శకత్వం వహించిన ఆ ప్రదర్శనలో షేక్‌స్పియర్ కాలపు పద్ధతిని అనుసరించి స్త్రీ పాత్రలన్నీ పురుషులే ధరించారు. మార్క్ రైలన్స్ ఒలీవియాగానూ, స్టీఫెన్ ఫ్రై మాల్వోలియోగానూ నటించారు.

అది నాకు నచ్చడానికి మొదటి కారణం ఆ నాటకశాలే. షేక్‌స్పియర్ కాలపు పాత గ్లోబ్ కట్టడాన్ని అనుసరించి థేమ్స్ నది ఒడ్డున కట్టి 1997లో ప్రారంభించిన ఆ శాలకు నడుమ కప్పు లేదు. వేదిక ముందున్న ఆవరణలో సుమారు 700 మంది నిలబడి చూస్తారు. ముందు వరుసవారు వేదిక అంచు మీద మోచేతులు ఆనించుకుంటారు. ప్రేక్షకులను చీకట్లో ఉంచరు కాబట్టి వారి ముఖాలు నటులకు కనిపిస్తాయి, నటులతో పాటు మనకూ కనిపిస్తాయి. హాస్యనాటకాన్ని తెరకెక్కించేటప్పుడు చాలాసార్లు ఎగిరిపోయేది ఈ సంబంధమే. నవ్వే జనం లేని చోట హాస్యనటుడు ఎంత సమర్థుడైనా మాటకూ మాటకూ నడుమ ఎంతసేపు ఆగాలో తెలియక తడబడతాడని నా అభిప్రాయం.

ఉంగరం ఘట్టాన్నే తీసుకోండి. ఓడ మునిగి, కవల సోదరుడు సెబాస్టియన్ మరణించాడనుకున్న వయోలా, సెసారియో అన్న పేరుతో మగవేషం వేసుకుని ఆర్సినో ప్రభువు కొలువులో చేరుతుంది. ప్రభువు తరఫున ఒలీవియా వద్దకు ప్రేమ రాయబారం వెళితే, ఒలీవియా ప్రభువును కాదని ఆ రాయబారి మీదనే మనసు పడుతుంది. అతడు వదిలి వెళ్లాడని అబద్ధమాడి, తన ఇంటి వ్యవహారాలు చూసే మాల్వోలియో చేత ఒక ఉంగరం పంపుతుంది. తానెన్నడూ ఇవ్వని ఉంగరం తన వద్దకు తిరిగి ఎందుకు వచ్చిందో వయోలా ఒంటరిగా నిలబడి ఆలోచించుకుంటుంది. పుస్తకంలో అది కేవలం స్వగతం. గ్లోబ్‌లో వయోలాగా నటించిన జానీ ఫ్లిన్ దానిని ఎదుట నిలబడ్డ జనంతోనే పంచుకుంటాడు. ఆమెకంటే ముందే సంగతి గ్రహించిన జనం నవ్వుతారు, ఆ నవ్వు వినగానే మీకూ అర్థమైపోతుంది. భాష గురించిన మీ బెరుకుకు నేను చెప్పగలిగిన సమాధానం ఇదే: పదం జారిపోయినా, దాని వల్ల నటుడిలోనూ జనంలోనూ కలిగిన కదలిక జారిపోదు.

రైలన్స్ నటన గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి. అన్నగారి మరణానికి శోకం పాటిస్తున్న ఒలీవియా, సున్నం పూసినంత తెల్లని ముఖంతో, నేలను తాకే నల్లని గౌనులో ప్రవేశిస్తుంది. అడుగులు కనిపించవు, గౌను కింద చక్రాలున్నాయా అన్నట్లు జారుతూ కదులుతుంది. అంత నిగ్రహం గల మనిషి సెసారియోను చూశాక మాట మధ్యలో ఆగిపోవడం, కంగారును కప్పిపుచ్చుకోవాలని చూసి మరింత బయటపడిపోవడం ఎంతో నవ్వు పుట్టిస్తాయి గానీ, ఎక్కడా స్త్రీని వెక్కిరించినట్లు ఉండదు. మా నాన్నగారు ఈ ప్రదర్శనను నాతో కలిసి చూశారు. స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసిన పెద్దల మాటలు వింటూ పెరిగిన ఆయనకు ఇంగ్లీషు సంభాషణల్లో సగం కూడా అందలేదు. అయినా, ‘వేషం కట్టినవాడు మగవాడన్న సంగతి పది నిమిషాలకు మరచిపోయాను’ అన్నారు. బాపట్లలో పుట్టి, తెనాలి రంగస్థలం మీద వెలిగి, 1956లో పద్మశ్రీ అందుకున్న స్థానం వారి పేరు విన్న తెలుగువారికీ, కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారిని చూసినవారికీ ఈ సంప్రదాయం కొత్తది కాదు. అందుచేత ఈ ప్రదర్శనలోకి ప్రవేశించడం మనకు సులువే అనుకుంటాను.

ఈ ప్రదర్శనకు 2012 కంటే వెనుకటి చరిత్ర ఉంది. ‘ట్వెల్ఫ్త్ నైట్’ ఆడినట్లు మనకు తెలిసిన తొలి తేదీ 1602 ఫిబ్రవరి 2. లండన్‌లోని మిడిల్ టెంపుల్ హాలులో చూసినట్లు న్యాయవిద్యార్థి జాన్ మానింగ్‌హామ్ తన దినచర్యలో రాసుకున్నాడు. దొంగ ఉత్తరంతో మాల్వోలియోను బోల్తా కొట్టించడం అతనికి బాగా నచ్చింది. సరిగ్గా 400 ఏళ్లకు, 2002లో, కారోల్, రైలన్స్ అదే హాలులో ఈ నాటకాన్ని ఆడారు; 2012 నాటిది దాని పునఃప్రదర్శన. తరువాత అది న్యూయార్క్‌లోని నాటకశాలల కేంద్రమైన బ్రాడ్‌వేకు వెళ్లింది, ఒలీవియా పాత్రకు రైలన్స్ 2014లో అమెరికా నాటకరంగ పురస్కారమైన టోనీ అందుకున్నారు.

చూసే ముందు కథాసంగ్రహం ఒకసారి చదవండి. ఎవరు ఎవరి వేషంలో ఉన్నారో ముందే తెలియడం వల్ల ఈ నాటకంలో రుచి ఏమీ తగ్గదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ తప్పక పెట్టుకోండి. వయోలా, ఆర్సినోల పద్య సంభాషణలకంటే ఒలీవియా బంధువు, తాగుబోతు అయిన సర్ టోబీ బృందం వచనంలో పేల్చే శ్లేషలే కష్టం. వాటిలో కొన్ని అందకపోతే ఆపి వెతకకుండా ముందుకు సాగిపోండి. నేను గ్లోబ్ వారి సొంత వేదిక గ్లోబ్ ప్లేయర్‌లో అద్దెకు తీసుకుని చూశాను.

రెండవదిగా, లండన్ నేషనల్ థియేటర్‌లో సైమన్ గాడ్విన్ 2017లో చేసిన ప్రదర్శనను చూడండి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో, దానిని యూట్యూబ్‌లో వారం పాటు ఉచితంగా ఉంచినప్పుడు నేను మొదటిసారి చూశాను. అందులో మాల్వోలియో మాల్వోలియాగా, అంటే స్త్రీగా మారింది. టామ్సిన్ గ్రెగ్ ఆ పాత్ర ధరించారు. యజమానురాలు తనను ప్రేమిస్తోందని దొంగ ఉత్తరం చదివి నమ్మి, అందులో కోరినట్లే పసుపు మేజోళ్లతో ఎదుటికి వచ్చినప్పుడు మొదట నవ్వు వస్తుంది. ఎవరికీ చెప్పుకోలేని ప్రేమను బయటపెట్టినందుకు ఆమెను చీకటి గదిలో పెట్టి పిచ్చిదనిపించడం చూస్తే, ఇంతసేపూ నవ్విన మనమీద మనకే కోపం వస్తుంది. గ్లోబ్‌లో ఫ్రై చూపిన మాల్వోలియో హుందాతనం మనసులో ఉంటే ఈ మార్పు ఎంత దూరం వెళ్లిందో బాగా తెలుస్తుంది. అందుకే గ్లోబ్‌ను ముందు పెట్టాను. రెండింటికీ నడుమ కొన్ని వారాల వ్యవధి ఇవ్వండి.