మన ఇల్లా, మా ఇల్లా?

సందేహం: ఒకే ఇంట్లో ఉంటూనే దూరమైపోయిన భార్యాభర్తల మీద ఒక కథ రాశాను. జరిగిన సంగతులు వచనంలో, ఆమె మనసులో భర్తతో అనుకునే మాటలు కవితగా ఉంటాయి. వచనంలో ఆమె అతనితో 'మన ఇల్లు' అంటుంది. కవితలో మాత్రం 'మా ఇంట్లో' అని పడింది. వినేది భర్తే కాబట్టి 'మన' అని ఉండాలని ఒక మిత్రుడు దిద్దారు. నిజమేనా? ఇలాంటి కథను చంపువు అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడు చెప్పిన సూత్రం సరైనదే. వినేవాళ్ళను కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. సంస్కృతంలో 'వయమ్' అన్నా, హిందీలో 'హమ్' అన్నా ఈ తేడా తెలియదు. తమిళంలో నాం, నాంగళ్ అని మనకులాగే రెండున్నాయి. కన్నడం వాడుకలో ఒకదాన్ని పోగొట్టుకుంది.

సూత్రం సరే, దిద్దుబాటు మాత్రం నాకు నచ్చలేదు. మీరు పంపిన పంక్తులు ఇవి:

మా ఇంట్లో
రెండు గదుల్లో రెండు దీపాలు
ఒకటి ఆరితే
ఇంకోదానికి తెలీదు

ఇక్కడ 'మన ఇంట్లో' అని చదివి చూడండి. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తమ కష్టం చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. అలా కూర్చోగలిగితే ఇక గొడవేముంది? 'మా' అనగానే వింటున్న భర్త గడప బయటికి వెళ్ళిపోతాడు. తన కాపురం గురించి ఎవరో పరాయివాడికి చెబుతున్నట్టు ఆమె అతనికే చెబుతోంది. భార్య తన పుట్టింటిని 'మా ఇల్లు' అంటే ఏ భర్తా ఉలిక్కిపడడు. ఇద్దరూ ఉంటున్న ఇంటిని అలా అంటే మాత్రం చేతిలో ముద్ద ఆగిపోతుంది. దిద్దకండి. కాకపోతే, ఈ కవిత కన్నా ముందే వచనంలో 'మన ఇల్లు' ఒకటి రెండుసార్లు వినబడి ఉండాలి. లేకపోతే పాఠకుడు దీన్ని అచ్చుతప్పు అనుకుంటాడు.

మీరు అడగనిది ఇంకొకటి చెబుతాను. తర్వాతి కవితలో 'ఆ సాయంత్రం చాలా దూరం నడిచాం' అని రాశారు. మేము నడిచినా, మనం నడిచినా తెలుగులో క్రియ 'నడిచాం' అనే ఉంటుంది. కర్తను చెప్పకపోతే ఆమె పక్కన నడిచింది భర్తా, ఇంకెవరైనానా అన్నది తేలదు. భర్త వింటున్న కథలో ఇది బంగారం లాంటి అవకాశం. మీరేమో వెంటనే 'మనం ఇద్దరం' అని ముడి విప్పేశారు. ఆ రెండు మాటలూ తీసేయండి.

(ఈమధ్య 'మనకంత సీన్ లేదు' అని ఒక్కడే తన గురించి చెప్పుకుంటున్నాడు. ఆ 'మన' సంగతి వేరు.)

ఇక చంపువు. గద్యం, పద్యం కలిసినదాన్ని సంస్కృత ఆలంకారికుడు దండి చంపువు అన్నాడు. నన్నయ భారతం నడక అదే. కానీ తెలుగులో పద్యం అంటే గణాలు, యతిప్రాసలు ఉండాలని పాఠకుడు ఎదురుచూస్తాడు. మీ కథలో అవి లేవు. 'వచన కవితా కథ' అన్నా చిక్కే, 'వచనం' అనే మాట అప్పుడొకలా ఇప్పుడొకలా వాడుతున్నాం. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం'లో నిర్వచనం అంటే మధ్యలో వచనం లేకుండా అంతా పద్యాలే అని అర్థం. (ఆయనే భారతానికి వచ్చేసరికి మళ్ళీ వచనం కలిపాడు.) ఇప్పుడు వచన కవిత అంటే ఛందస్సు లేని కవిత. అందువల్ల కథంతా కవితగానే ఉందనుకుంటారు. 'కవితాత్మక కథ' అనేది చదివినవాళ్ళు ఇవ్వాల్సిన మెప్పు, మనకు మనం తగిలించుకునే పేరు కాదు. పేరు కింద 'కథ' అని వేస్తే చాలు. పంక్తులు విరిచి అచ్చువేసినచోట కవిత అని ఎవరికైనా తెలుస్తుంది.

అన్నట్టు, మీ మిత్రుడు దిద్దిన కాగితం మీద 'తెలీదు'ను కూడా 'తెలియదు' అని దిద్ది ఉంది. అక్కడ మాట్లాడుతున్నది ఆమె. 'తెలీదు' అనే ఉండనివ్వండి.