తప్పు కత్తిరించిన జాకెట్టు

చిన్న వ్యాపారంలో ఒకసారి వచ్చినవారు మళ్ళీ మళ్ళీ రావాలంటే ఏం చేయాలి, పనిలో మన ఊపు చల్లారకుండా ఎలా చూసుకోవాలి అని మీరు అడిగారు. గుంటూరులో 19 ఏళ్ళుగా ఆడవారి బట్టలు కుట్టే దుకాణం నడుపుతున్న అనుభవంతో చెబుతున్నాను: మొదటిదానికి మందు రాయితీల్లో లేదు. మా వృత్తికి ‘రేపు రండి’ అనే చెడ్డపేరు ఎంతగా అంటుకుపోయిందంటే, చెప్పిన రోజుకు జాకెట్టు చేతికిస్తే చాలు, తీసుకునేవారి ముఖంలో ఆశ్చర్యం కనిపిస్తుంది. ఆ ఆశ్చర్యాన్ని మించిన ప్రచారం లేదని నా గట్టి నమ్మకం.

ఏడేళ్ళ కిందట మాఘమాసంలో, పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, రిటైరైన ఒక టీచరుగారు తన కొడుకు పెళ్ళిలో కట్టుకోబోయే మంగళగిరి పట్టుచీర తాలూకు జాకెట్టు ముక్కను, ఆది జాకెట్టుతో సహా ఇచ్చి వెళ్ళారు. వెనుక మెడ దగ్గరగా ఉండాలని రెండుసార్లు చెప్పారు. ఆ రాత్రి పదకొండు దాటాక, వరుసగా పన్నెండు జాకెట్లు కత్తిరిస్తున్న తొందరలో ఆవిడ చీటీ, ఇంటర్ చదివే ఒక అమ్మాయి చీటీ తారుమారయ్యాయి. మడత విప్పి చూసేసరికి, ఆరు అంగుళాలు ఉండవలసిన మెడ పది అంగుళాల లోతున నా ఎదుట నోరు తెరుచుకుని ఉంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు గానీ కత్తెర తప్పితే చేయగలిగింది ఏమీ లేదు.

మా దగ్గర పనిచేసే అమ్మాయి, “నెట్టు ముక్క అతికేసి కొత్త డిజైను అని చెబుదాం అక్కా, పెళ్ళి హడావుడిలో ఏమనగలరు?” అంది. నిజం చెప్పాలంటే ఓ ఐదు నిమిషాలు నేనూ ఊగిసలాడాను, ఎందుకంటే మా వృత్తిలో అది కొత్త ఉపాయమేమీ కాదు. తెల్లవారి ఏడు గంటలకు మాత్రం ఫోను చేసి, “టీచరుగారూ, మీ జాకెట్టు పాడుచేశానండీ, తప్పు నాదే” అని చెప్పాను. అటు నుంచి చాలాసేపు మాట లేదు. తరువాత, “పెళ్ళి శుక్రవారం” అని మాత్రమే అన్నారు.

ఆ రోజు షట్టరు దించి, పాడైన ముక్కను సంచిలో పెట్టుకుని మంగళగిరి బస్సెక్కాను. మొదటి రెండు దుకాణాల్లోనూ దానిమ్మ రంగు గుడ్డ దొరికింది కానీ, వీధిలోకి తెచ్చి ఎండలో పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి ఇటుకరంగులోకి, మరొకటి వంకాయరంగులోకి పోయింది. అద్దకం మారినప్పుడల్లా ఛాయ మారుతుందని తెలిసి కూడా ఆశపడ్డాను. మూడో చోట చీర రంగును వెతకడం మానేసి, అంచులో ఉన్న ముదురు ఆకుపచ్చకు సరిపోయే పట్టు తీసుకుని, ఫొటో పంపి, ఆవిడ సరేనన్నాకే డబ్బు కట్టాను. మరునాడు మధ్యాహ్నం ఇంటికే తీసుకువెళ్ళి ఇచ్చాను. గుడ్డ ఖర్చు నేనే పెట్టుకున్నాను. కుట్టుకూలి మాత్రం వద్దన్నా వినకుండా ఆవిడే చేతిలో పెట్టారు.

పెళ్ళిలో ఆవిడ ఆ జాకెట్టు గురించి కాక, దర్జీ తానే ఫోను చేసి తప్పు ఒప్పుకున్న సంగతిని అందరికీ చెప్పారట. ఆ వేసవిలో ఆవిడ పేరు చెప్పుకుని తొమ్మిదిమంది వచ్చారు. వారిలో ఆరుగురు నేటికీ వస్తున్నారు. ఫోను నిండా పండుగ శుభాకాంక్షలు పంపుతూ, ఐదుసార్లు కుట్టిస్తే ఆరోసారి ఉచితమని కార్డులు పంచే దుకాణాలు మా వీధిలోనే రెండు ఉన్నాయి. కార్డు నిండిన మరునాటి నుంచి వారి గిరాకీ ఎక్కడికి పోతుందో నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఇక ఊపు సంగతి. పెళ్ళిళ్ళ కాలంలో అది దానంతట అదే వస్తుంది, పరీక్షంతా మూఢంలోనూ ఆషాఢంలోనూ. ముహూర్తాలు లేక మధ్యాహ్నం దాకా బోణీ కాని రోజుల్లో ఫోను చూస్తూ కూర్చుంటే, శ్రావణం వచ్చేసరికి చెయ్యి మొద్దుబారిపోతుంది. అందుకే బేరం ఉన్నా లేకపోయినా ఉదయం తొమ్మిదింటికి బల్ల ముందు నిలబడి ఒక్క గుడ్డయినా కత్తిరిస్తాను. చేతిలో ఏమీ లేని రోజుల్లో పాత చీటీల పుస్తకం తీసి, రెండేళ్ళుగా కనిపించనివారికి ఫోను చేసి, బిగుతైన జాకెట్లు ఉంటే తెమ్మని, వదులు చేసి ఇస్తానని చెబుతాను. ఆ మాట ధైర్యంగా చెప్పగలగడానికి కారణం, పక్క కుట్లలో లోపల అంగుళం గుడ్డ ఎప్పుడూ వదిలిపెడతాను. నీటుగా కనిపించాలని ఆ గుడ్డను కోసేసే దర్జీలంటే నాకు తగని కోపం. ఒళ్ళు వచ్చిన మనిషి ఇష్టమైన జాకెట్టును బీరువాలో దాచుకుని బాధపడుతుందని వారికి తట్టదు. వదులు చేయడానికి వచ్చే కూలి టీ ఖర్చుకు సరిపోతుందేమో, కానీ పాతది తెచ్చినవారు కొత్త గుడ్డ తీసుకురాకుండా ఎన్నో నెలలు ఉండలేరు.

టీచరుగారు మొన్న మనవరాలి అన్నప్రాశనకు కుట్టించుకోవడానికి వచ్చారు. కొలతలు రాసుకుంటుంటే బల్ల మీదికి వంగి చూసి, “ఈసారి చీటీ నాదేనా?” అని అడిగారు.