టెక్ సందేహాలు: పేరు తెలియకుండానే మనల్ని గుర్తుపట్టే యాడ్స్

ఈ వారం వచ్చిన సందేహాల్లో చాలావరకు యాడ్స్ గురించే ఉన్నాయి. అడిగిన తీరు వేరైనా అందరి గుబులూ ఒకటే: ‘నా సంగతి వాళ్లకెలా తెలిసింది?’ అందుకే మిగతా ప్రశ్నలను పై వారానికి ఉంచి, ముందు వీటికే జవాబులు రాస్తున్నాను.

నేనూ మా ఆవిడా రాత్రి భోజనాల దగ్గర కొత్త వెట్ గ్రైండర్ కొందామా అని మాట్లాడుకున్నాం. నేను ఫోన్‌లో ఎక్కడా వెతకలేదు. తెల్లారేసరికి నాకు గ్రైండర్ల యాడ్స్ మొదలయ్యాయి. ఫోన్ మా మాటలు వింటోందా? – కూకట్‌పల్లి నుంచి ఒక ప్రైవేటు ఉద్యోగి

ఈ ప్రశ్న నాకు కొన్నేళ్లుగా వస్తూనే ఉంది. అడిగేవాళ్ల మాటను నేను ఎప్పుడూ కొట్టిపారేయను. యాడ్ రావడం నిజం. దానికి మైకే కారణం అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది.

2018లో అమెరికాలోని నార్త్ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను ఇదే అనుమానంతో పరీక్షించారు. చెప్పాపెట్టకుండా మైక్ ఆన్ చేసి మాటలు బయటికి పంపిన యాప్ ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. కానీ యాప్‌లో మనం ఏం నొక్కుతున్నామో, ఏం టైప్ చేస్తున్నామో స్క్రీన్‌ను వీడియో తీసి వేరే కంపెనీకి పంపుతున్న ఉదంతం మాత్రం బయటపడింది. రోజంతా మాటలు వినాలంటే బ్యాటరీ, డేటా బాగా ఖర్చవుతాయి, పట్టుబడటం కూడా తేలిక. మనం చూసేవి, నొక్కేవి గమనిస్తే వాళ్ల పని అయిపోతుంది.

మరి గ్రైండర్ సంగతేంటి? మీరు వెతకలేదు సరే, మీ శ్రీమతి వెతికారేమో ఒకసారి అడగండి. ఇంట్లో ఆ మాట వచ్చిందంటే పాత గ్రైండర్ ఈమధ్య మొరాయిస్తూ ఉండి ఉంటుంది. మీతో చెప్పేముందే ఆవిడ రేట్లు చూసి ఉండొచ్చు. లేదా ఏదో వంటల వీడియో దగ్గర నాలుగు క్షణాలు ఎక్కువసేపు ఆగి ఉండొచ్చు. ఇద్దరి ఫోన్లూ ఒకే వైఫైలో ఉంటే బయటి సైట్లకు రెండూ ఒకే ఐపీ అడ్రస్‌తో, అంటే ఇంటర్నెట్‌లో ఆ కనెక్షన్‌కు ఉండే నంబర్‌తో, కనిపిస్తాయి. అంటే వాళ్ల లెక్కలో ఒకే గడప. ఆ గడపలో ఒకరు గ్రైండర్ చూస్తే రెండోవాళ్లకూ యాడ్ చూపించడం ఈ వ్యాపారంలో మామూలే.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలి. యాడ్ కంపెనీలకు మీ పేరుతో పని లేదు. నిన్న అక్కడ గ్రైండర్ చూసిన ఫోనూ, ఇవాళ ఇక్కడ క్రికెట్ స్కోరు చూస్తున్న ఫోనూ ఒకటేనని తెలిస్తే చాలు. ఆ రెండింటినీ కలిపే ముడి ఏదో ఒకటి వాళ్లకు కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో అలాంటి ముడి అడ్వర్టైజింగ్ ఐడీ. అంకెలు, అక్షరాలు కలిసిన పొడవాటి గుర్తు అది. మీరు వేసుకున్న ప్రతి యాప్‌కూ అదే గుర్తు కనిపిస్తుంది.

దాన్ని తీసేయొచ్చు. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ నొక్కండి. ఆ తర్వాత యాప్‌లకు ఆ గుర్తు స్థానంలో వరసగా సున్నాలే కనిపిస్తాయి. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, ట్రాకింగ్‌కు వెళ్లి, ట్రాక్ చేస్తామని అడగడానికి యాప్‌లకున్న అనుమతిని ఆపేయండి. 2021లో వచ్చిన ఐఓఎస్ 14.5 నుంచి ఈ అడగడం తప్పనిసరైంది. యాడ్స్ ఆగిపోతాయని మాత్రం అనుకోకండి. వస్తూనే ఉంటాయి, మీ వెంట పడటం తగ్గుతుంది.

ఇంత చెప్పినా మైక్ గురించి టెన్షన్ పోకపోతే ఫోన్ పైభాగం చూడండి. ఆండ్రాయిడ్ 12, ఆ తర్వాతి ఫోన్లలో ఏ యాప్ మైక్ వాడినా పైన కుడివైపు ఆకుపచ్చ గుర్తు వస్తుంది. ఐఫోన్‌లో నారింజ రంగు చుక్క. మీరు మాట్లాడకుండా అది వెలిగితే పర్మిషన్ మేనేజర్‌లో మైక్రోఫోన్ తెరిచి, అవసరం లేని యాప్‌లకు అనుమతి తీసేయండి. టార్చ్ లైట్ యాప్‌కు మైక్ ఎందుకు?

హాస్టల్ వైఫైలో ఇన్‌కాగ్నిటో వాడితే నేను చూసేవి ఎవరికీ తెలియవు కదా? – విశాఖపట్నం నుంచి బీటెక్ విద్యార్థి

ఇన్‌కాగ్నిటో అంటే మనం చూసినవి ఫోన్‌లో నిల్వ చేయని బ్రౌజర్ విండో. మీ తర్వాత అదే ఫోన్ పట్టుకున్నవాళ్లకు తెలియవు, అంతవరకే. ఆ విండో మూసేస్తే హిస్టరీ, కుకీలు (సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి ఫోన్‌లో పెట్టే చిన్న చీటీల్లాంటివి) ఫోన్‌లో మిగలవు. హాస్టల్ వైఫై నడిపేవాళ్లకూ, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ మీరు ఏ సైట్‌కు వెళ్లారో తెలిసే వీలుంది. సైట్ అడ్రస్ హెచ్‌టీటీపీఎస్ అని మొదలైతే, అంటే మధ్యలో ఎవరూ చదవకుండా రక్షణ ఉంటే, లోపల ఏ పేజీ చదివారో, ఏం టైప్ చేశారో మాత్రం వాళ్లకు కనిపించదు. ఇన్‌కాగ్నిటోలోనే జీమెయిల్‌కో ఇన్‌స్టాగ్రామ్‌కో లాగిన్ అయ్యారా, మీరెవరో మీరే చెప్పినట్టు.

ఈ అపోహ మన దగ్గరే కాదు, అన్నిచోట్లా ఉంది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా తమ వివరాలు పోగు చేశారని 2020లో అమెరికాలో గూగుల్ మీద కేసు పడింది. 2024లో రాజీ కుదిరినప్పుడు వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. ఇన్‌కాగ్నిటో తెరవగానే కనిపించే హెచ్చరికను కూడా మార్చింది. ఆ నాలుగు లైన్లు ఈసారి పూర్తిగా చదవండి.

మా ఫోన్‌కు రోజూ ‘మీ ఫోన్‌లో 13 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే క్లీన్ చేయండి’ అని వస్తోంది. ఫార్మాట్ చేయించాలా? – రాజమండ్రి నుంచి ఒక రిటైర్డ్ టీచర్

వద్దండీ. చాలావరకు మీ ఫోన్‌లో ఏ వైరస్సూ ఉండదు.

మొన్న పండక్కి ఊరెళ్లినప్పుడు మా అమ్మ ఫోన్ కూడా ఇలాగే గోల చేస్తోంది. పది నిమిషాలకోసారి టింగుమంటూ ఎర్ర అక్షరాలతో ఏదో ఒకటి. అమ్మ భయపడి రెండు రోజులు ఫోన్ ఆఫ్ చేసి బీరువాలో పెట్టిందట. ఆ రెండు రోజులూ ఆవిడ ఫోన్ ఎత్తకపోతే ఏమైందోనని మేం కంగారుపడ్డాం. నేను వచ్చిన మెసేజ్‌ను నొక్కకుండా దానిమీద వేలు అలాగే ఉంచి పట్టుకున్నాను. కింద ఒక సైట్ పేరు కనిపించింది. అది పంపుతున్నది ఫోన్ కాదు, క్రోమ్ ద్వారా ఒక వెబ్‌సైట్. అమ్మ రోజూ దినఫలాలు చదువుకునే దారిలో ఎక్కడో ‘అలౌ నొక్కితేనే పేజీ తెరుచుకుంటుంది’ అని అడిగితే నొక్కేసింది. అనుమతి ఇచ్చిన సైట్లు లెక్కపెడితే పద్నాలుగు తేలాయి.

మీరు చేయాల్సింది ఇంతే. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్లన్నీ వరసగా కనిపిస్తాయి. తెలియనివన్నీ బ్లాక్ చేసి, పైన ఉన్న నోటిఫికేషన్స్ స్విచ్ కూడా ఆపేయండి, ఇకమీదట ఏ సైటూ అడగదు. ఆ హెచ్చరికను నమ్మి ‘క్లీనర్’ యాప్ ఏదైనా ఇప్పటికే వేసుకుని ఉంటే దాన్ని మాత్రం తప్పకుండా తీసేయండి. డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పెద్దవాళ్లను ఇలా భయపెట్టి డబ్బు చేసుకోవడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. ఊరెళ్లిన పిల్లలు అమ్మానాన్నల ఫోన్‌లో ఈ ఒక్క సెట్టింగ్ చూసి రండి.

జర్మనీలో ఏ సైట్ తెరిచినా కుకీలకు ఒప్పుకుంటారా అని అడుగుతుంది. సెలవులకు ఇండియా వస్తే చాలా సైట్లు అడగనే అడగవు. ఇండియాలో కుకీలు వాడరా? – ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

వాడతారు. అడగరు, అంతే తేడా.

కుకీ పుట్టింది మంచి పనికే. 1994లో అప్పటి బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌లో పనిచేసిన లూ మాంటులీ దీన్ని తయారుచేశారు. సైట్ మనల్ని ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి గుర్తుపెట్టుకోవాలి, కొనబోయే వస్తువులు బుట్టలో నిలవాలి, అదీ అవసరం. అలాంటి సొంత కుకీలతో ఇప్పటికీ ఇబ్బంది లేదు. తంటా అంతా మూడోవాళ్ల కుకీతో. మీరు చదివే వార్తల సైట్‌లో ఒక యాడ్ కంపెనీ తన కుకీ పెడుతుంది. అదే కంపెనీ చీరల సైట్‌లోనూ, ఆస్పత్రి సమాచారం ఇచ్చే సైట్‌లోనూ ఉంటుంది. మూడు చోట్లా తిరిగింది ఒకే మనిషని దానికి తెలిసిపోతుంది.

యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. ట్రాకింగ్ కుకీలకు ముందుగా ఒప్పుదల అడగాల్సిందే. మన దేశంలో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అసలు బాధ్యతలు పాటించడానికి కంపెనీలకు అప్పటినుంచి 18 నెలల గడువు ఇచ్చారు. ఇందులో రెండు సంగతులు నాకు బాగా నచ్చాయి. ఒప్పుకోవడం ఎంత సులువో, ఆ ఒప్పుదలను వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కదలికలు గమనించి వాళ్లకు గురిపెట్టి యాడ్స్ వేయడం, కొన్ని మినహాయింపులు తప్ప, కుదరదు. పిల్లలకు ఫోన్ ఇవ్వక తప్పని ఇళ్లకు ఇది పెద్ద ఊరట.

చట్టం కోసం ఆగక్కర్లేదు, బ్రౌజర్‌లోనే చాలావరకు కట్టడి చేసుకోవచ్చు. సఫారీ 2020 నుంచే మూడోవాళ్ల కుకీలను పూర్తిగా ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైట్ కుకీని ఆ సైట్‌కే పరిమితం చేస్తోంది. క్రోమ్ కూడా రెండేళ్లలో ఎత్తేస్తామని 2020లో మాటిచ్చి, వాయిదాలు వేసి వేసి, 2024లో ఆ ఆలోచన మానుకుంది. కోట్లమంది వాడే బ్రౌజర్ ఇలా చేయడం సరికాదని నా అభిప్రాయం. క్రోమ్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీస్ అని ఉంటుంది, బ్లాక్ పెట్టుకోండి. ఎప్పుడైనా ఏదైనా సైట్‌లో లాగిన్ తిక్కగా ప్రవర్తిస్తే ఆ ఒక్క సైట్‌కే అనుమతి ఇవ్వొచ్చు.

బట్టల షాపులో బిల్లుకు ఫోన్ నంబర్ అడుగుతారు. లేకపోతే బిల్లు రాదంటారు. నంబర్ ఇస్తే నష్టమేముంది? – హనుమకొండ నుంచి ఒక గృహిణి

పైన చెప్పిన ముడులన్నింటిలో గట్టి ముడి ఇదే. కుకీ చెరిపేయొచ్చు, అడ్వర్టైజింగ్ ఐడీ తీసేయొచ్చు. ఫోన్ నంబర్ మాత్రం పదేళ్లూ ఇరవై ఏళ్లూ మనతోనే ఉంటుంది. ఫేస్‌బుక్‌కూ అదే, గూగుల్‌కూ అదే, బ్యాంకుకూ అదే.

షాపువాళ్లు తమ కస్టమర్ల నంబర్ల జాబితాను ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలకు ఇచ్చి ‘వీళ్లకు మా యాడ్ చూపించండి’ అని అడిగే ఏర్పాటు ఉంది. పంపేముందు నంబర్లను సంకేతంగా మారుస్తారు. అవతల ఉన్న నంబర్లనూ అదే పద్ధతిలో మార్చి, రెండూ సరిపోలితే మీకు యాడ్ వేస్తారు. మీరు ఆన్‌లైన్‌లో ఏమీ వెతక్కపోయినా, కౌంటర్ దగ్గర నగదు ఇచ్చి పట్టుచీర కొన్నా, ఆ సంగతి మీ ఫోన్‌లోకి వచ్చే దారి ఇదే.

నంబర్ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టడం సరికాదని, అది అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుందని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే చెప్పింది. ‘నంబర్ లేకుండా బిల్లు చేయమ్మా’ అని నెమ్మదిగా అడగండి. కౌంటర్లో కూర్చున్న పిల్లల మీద కోప్పడొద్దు, వాళ్లకు పైవాళ్లు చెప్పిందే వాళ్లు చేస్తున్నారు. వారంటీ ఉన్న వస్తువుకైతే నంబర్ ఇవ్వడమే మంచిది.

నంబర్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పాత నంబర్ వదిలేస్తే, కనీసం 90 రోజులు ఆగి దాన్ని వేరేవాళ్లకు ఇస్తారు. నేను కొన్నేళ్ల కిందట కొత్త సిమ్ తీసుకున్నప్పుడు నాకు అలాంటి నంబరే వచ్చింది. ఎవరో తెలియని ఒక తండ్రికి వెళ్లాల్సిన బడి మెసేజ్‌లు నాకొచ్చేవి. పిల్లాడు ఏ రోజు బడికి రాలేదో, గణితంలో ఎన్ని మార్కులొచ్చాయో, ఫీజు ఎంత బాకీ ఉందో అన్నీ నాకు తెలిసేవి. బడికి మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ అవి ఆగలేదు. అదే నంబర్‌కు ఆయన బ్యాంకు ఓటీపీ కూడా వచ్చి ఉంటే? కాబట్టి సిమ్ మార్చేముందు బ్యాంకు, ఆధార్, జీమెయిల్, వాట్సాప్, బడి, గ్యాస్ అన్నింట్లో కొత్త నంబర్ ఎక్కించి, ఆ తర్వాతే పాతది వదలండి.

మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఓటీపీతో చూసుకోవచ్చు. మీది కానిది కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయండి.

అన్ని సైట్లలోనూ ‘గూగుల్‌తో లాగిన్’ వాడుతున్నాను. ప్రమాదమా? – నెల్లూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

పది చోట్ల ఒకే పాస్‌వర్డ్ పెట్టడం కన్నా ఇదే మేలు. మామూలుగా ఆ సైట్‌కు మీ పేరు, ఈమెయిల్, ఫొటో మాత్రమే వెళ్తాయి, పాస్‌వర్డ్ వెళ్లదు. కాంటాక్టులు, డ్రైవ్, జీమెయిల్ చదివే అనుమతి కూడా అడిగితే మాత్రం ఆగండి. ఒక్కసారి వాడి మర్చిపోయిన సైట్లు చాలానే పోగుపడి ఉంటాయి. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ కింద థర్డ్ పార్టీ కనెక్షన్స్ తెరిచి, వాడనివి ఒక్కొక్కటీ తీసేయండి. ఆ గూగుల్ అకౌంట్‌కు రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో నిర్ధారణ కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకున్నారో లేదో చూసుకోండి, లేకపోతే ఇవాళే పెట్టుకోండి. అన్ని తాళాలూ దానికే ఉన్నాయి కదా.