ఆట సంగతి తరువాత, ముందు ఆ మాత్ర డాక్టరుతో ఆపించాలి

ప్రశ్న: మా బాబుకు 14 ఏళ్లు. రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో కాల్పుల ఆటలు ఆడుతూ, మనుషులను చంపి సంబరపడుతున్నాడు. ఇలాంటివి ఆడనివ్వడం తప్పు కాదా? ఫోన్ లాక్కుంటే వాళ్ల నాన్నను నెట్టేశాడు. నిద్ర కోసం మూడు వారాలుగా మా అత్తగారి అల్ప్రాజోలమ్ సగం మాత్ర ఇస్తున్నాం. – ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆఖరి వాక్యం. అల్ప్రాజోలమ్ ఆందోళన తగ్గించడానికి పెద్దలకు ఇచ్చే మత్తు మందు; డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌1 జాబితాలోనిది. కొందరు పిల్లల్లో ఇది మత్తుకు బదులు చిరాకును, దూకుడును పెంచుతుంది కాబట్టి, మీరు ఆటకు అంటగడుతున్న కోపంలో ఈ మాత్ర వాటా ఎంతో బాబును చూడకుండా చెప్పలేను. మగత కలిగించే దగ్గు మందులు తోడైతే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. రోజూ వాడుతున్నదాన్ని హఠాత్తుగా మానేస్తే కొందరికి ఫిట్స్ రావచ్చు. కనుక మోతాదు పెంచకుండా, మీ అంతట మీరు ఆపకుండా, ఆ స్ట్రిప్ తీసుకుని రేపే డాక్టరును కలవండి. బాబు లేపినా లేవకపోతే వెంటనే విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి. పెద్దల మందు పిల్లలకు సగం చేసి వేస్తే సరిపోతుందనుకోవడం మన ఇళ్లలో చాలా మామూలైపోయింది, ఆ అలవాటు దయచేసి మానండి.

ఇక తప్పొప్పుల మాట. అమెరికాలోని మనస్తత్వ నిపుణుల సంఘం అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో, ఇలాంటి ఆటలకూ అరవడం, నెట్టడం వంటి దూకుడుకూ కొద్దిపాటి సంబంధం ఉందని చెబుతూనే, నిజమైన హింసకు వాటిని కారణంగా చూపడం శాస్త్రీయం కాదని స్పష్టం చేసింది. కాబట్టి మీ వాడు నేరస్థుడవుతాడని భయపడవద్దు. అయితే నొప్పి, ఏడుపు కనిపించకుండా, చంపినందుకు పాయింట్లు మాత్రమే కనిపించే ఆటను, అందులోనూ 18 ఏళ్లు నిండినవారికని ముద్ర ఉన్నదాన్ని, ఈ వయసులో ఆడనివ్వడం నా దృష్టిలో తప్పే. ఒక సాయంత్రం పక్కన కూర్చుని ఒక రౌండ్ చూడండి. పడిపోయినవాళ్ల గురించి ఏమనిపిస్తోందో కోప్పడకుండా అడగండి.

ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. రెండింటికి పడుకుని ఆరింటికి బడికి లేచే పిల్లవాడు ఏ ఆట ఆడకపోయినా విసుక్కుంటాడు. ఆట మధ్యలో ఫోన్ లాక్కోకుండా, ముందే చెప్పి, రాత్రి పదింటికి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో పెట్టించండి. అయినా అదుపు తప్పుతుంటే వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.