ఐసీయూ ఉద్యోగం మాని మెడికల్ కోడింగ్‌లో చేరాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చేసి, హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఏడాదిన్నరగా పనిచేస్తోంది. రాత్రి షిఫ్టులో ముగ్గురు రోగులను ఒక్కతే చూసుకోవాలట. గత నెల తన డ్యూటీలో ఒక రోగి చనిపోయినప్పటి నుంచి సరిగా తినడం లేదు, ఉద్యోగం మానేస్తానంటోంది. సర్దుకుపొమ్మని చెబుతున్నాం. బంధువులేమో అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్పించమంటున్నారు. ఏది మంచిది?
– ఒక తండ్రి, ఉప్పల్

సమాధానం: మీరు అడిగింది రెండు ఉద్యోగాల మధ్య పోలిక. మీ అసలు భయం మాత్రం, అమ్మాయి ఈ వృత్తికి పనికిరాదేమో, ఆ మరణంలో ఆమె పొరపాటు ఉందేమో అన్నది. నర్సుల తల్లిదండ్రులు నన్ను తరచూ అడిగేదీ ఇదే కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

వెంటిలేటర్ మీద ఉన్న రోగికి గంటగంటకూ బీపీ, పల్స్, మూత్రం లెక్క చార్టులో రాయాలి, కఫం చేరినప్పుడల్లా సక్షన్ చేయాలి (గొట్టంతో లాగేయాలి), పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. బీపీని నిలబెట్టే నోరాడ్రినలిన్ మందు సిరంజి అయిపోయేలోపే రెండోది సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే ఆ మందు కొద్ది నిమిషాలు ఆగినా బీపీ పడిపోతుంది. పక్క సిస్టర్ తన రోగిని సీటీ స్కాన్‌కు తీసుకువెళితే, ఆమె వదిలి వెళ్లిన మంచాలు కూడా మీ అమ్మాయి బాధ్యతే అవుతాయి. ఇలాంటి ముగ్గురిని ఒక్కరికి అప్పగించినప్పుడు ఏదో ఒక పని ఆలస్యం కాక తప్పదు. అది ఆ మనిషి సామర్థ్యానికి సంబంధించిన విషయం కాదు.

ఫ్రాన్స్‌లోని 8 ఐసీయూలను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక్కో నర్సుకు రోగుల సంఖ్య 2.5 దాటిన షిఫ్టుల్లో మరణించే ముప్పు 3.5 రెట్లు ఉన్నట్లు తేలింది. అంతకుముందే, 2002లో, అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స రోగులపై జరిగిన అధ్యయనం, నర్సుకు ఒక్క రోగి పెరిగితే 30 రోజుల్లోపు మరణించే అవకాశం సుమారు 7 శాతం పెరుగుతోందని చెప్పింది. ఇవి సంబంధాన్ని చూపే లెక్కలే, ఒక ఫలానా మరణానికి కారణం చెప్పేవి కావు. అయినా ముగ్గురు రోగులున్న రాత్రి జరిగినదానికి ఇరవై మూడేళ్ల పిల్ల తనను తాను దోషిగా నిలబెట్టుకోవడం అన్యాయమని చెప్పడానికి అవి చాలు. మన దేశపు నిబంధనలు సైతం ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక నర్సు ఉండాలనే అంటాయి.

ఇక మీ సంగతి. ఆమె పని భారం గురించి చెబితే మీరు సర్దుకుపొమ్మన్నారు. ఏం సర్దుకోవాలి? సక్షన్ మానేయాలా, మందు సిరంజి మార్చడం మానేయాలా? మీ వయసులో మీరే ఆ మంచంపై ఉంటే, నర్సు సర్దుకుపోవాలని కోరుకుంటారా? ఆమె ఇంట్లో ఫిర్యాదు చేయడం లేదు, జరుగుతున్నది చెబుతోంది. దయచేసి వినండి. నిద్ర, తిండి ఇలాగే ఉంటే మానసిక వైద్యులకు చూపించండి, దానికి సిగ్గుపడవద్దు.

మెడికల్ కోడింగ్ విషయంలో నాకు అనుమానాలున్నాయి. అమెరికా రోగుల రికార్డులు చదివి, బీమా బిల్లుల కోసం జబ్బులకూ చికిత్సలకూ కోడ్‌లు ఇచ్చే పని అది. ఏసీ గది ఉంటుంది, నిజమే. దానితోపాటు రోజుకు ఇన్ని చార్టులు (రోగుల రికార్డులు) పూర్తిచేయాలన్న టార్గెట్, తప్పులపై ఆడిట్ కూడా ఉంటాయి, ఆ సంగతి ఇన్‌స్టిట్యూట్ ప్రకటనలో కనిపించదు. సర్టిఫికేషన్ పరీక్ష గట్టెక్కకుండా మంచి జీతం రావడం కష్టం. పైగా సులభమైన చార్టులను సాఫ్ట్‌వేరే కోడ్ చేసే రోజులివి, కొత్తగా చేరేవారికి మొదట అప్పగించేవి ఆ సులభమైన చార్టులే. అన్నిటికీ మించి, రెండు మూడేళ్లు రోగుల నుంచి దూరమైతే మళ్లీ ఐసీయూలో అడుగుపెట్టడం, విదేశీ అవకాశాలకు అనుభవం చూపడం కష్టమవుతాయి. ఆమెకు చార్టుల పని నిజంగా ఇష్టమైతే వెళ్లనివ్వండి, పారిపోయేందుకు మాత్రం ఆ దారి వద్దు.

నా సలహా ఆసుపత్రి మార్చమని. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు, రాత్రి షిఫ్టులో వెంటిలేటర్ రోగులను ఒక్కో నర్సుకు ఎందరిని ఇస్తారో, కొత్తవారికి తోడు సీనియర్ ఉంటారో లేదో అడగమనండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వవద్దు, ఇస్తే తర్వాత మానేయడం కష్టమవుతుంది. ప్రభుత్వ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు చదువుకోవచ్చు, కానీ అక్కడ పని తేలిక అనుకోకండి. క్రిటికల్ కేర్ (ఐసీయూ సేవల)లోనే ఎదగాలనుకుంటే, నర్సుకు మరింత బాధ్యతగల పాత్ర కోసం శిక్షణ ఇచ్చే రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు ఉంది, అయితే ఆ హోదాతో నియమించుకునే ఆసుపత్రులేవో కనుక్కున్నాకే చేరాలి. ఏ నిర్ణయమైనా ఆమెదే. కోడింగ్ కోర్సుకు అడ్వాన్స్ కట్టడం మాత్రం ఇప్పటికి ఆపండి.