పర్మిటు దగ్గర మొదలుపెట్టు

కర్నూలు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ ఇంటి మోటారు సర్వీసు చరిత్రలో మొదటి అధ్యాయం అందింది. రెండుసార్లు శ్రద్ధగా చదివాను. మీ జేజినాయన పట్టుదలను గురించి ఎనిమిది పుటలు రాశావు కానీ ఆయన బస్సు ఏ వేళకు బయలుదేరి ఏయే ఊళ్ల మీదుగా వెళ్లేదో అందులో ఒక్కచోటా లేదు. బస్సు యజమానికి బస్సు కన్నా విలువైన ఆస్తి పర్మిటు. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద స్టేజి క్యారేజి పర్మిటును, అంటే ఒక దారిలో టికెట్ల మీద జనాన్ని ఎక్కించుకుని బస్సు నడిపే అనుమతిని, మూడేళ్లకు తగ్గకుండా, అయిదేళ్లకు మించకుండా ఇచ్చేవారు. గడువు దగ్గరపడినప్పుడల్లా అదే దారికి మరొకరు పోటీకి రావచ్చు గనుక ఆ ఇంట్లో ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిచాయో మీ జేజిని అడిగి తెలుసుకో. కథ అక్కడ మొదలు కావాలి.

ఆదోని నుంచి ఆలూరు మీదుగా బళ్లారికి నడిచిన సర్వీసును గురించి రాస్తూ, 1953ను 'ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది' అన్న ఒక్క ముక్కతో దాటవేశావు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అంతవరకు బళ్లారి జిల్లాలోవే. అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చినప్పుడు మొదటి రెండూ కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. బళ్లారి మైసూరు రాష్ట్రానికి వెళ్లింది. ముందురోజు దాకా ఒకే జిల్లాలో తిరిగిన బస్సుకు తెల్లవారేసరికి దారి మధ్యలో రాష్ట్ర సరిహద్దు వచ్చింది. ఇంతకు మించిన ఘట్టం నీ పుస్తకంలో మరొకటి ఉండదు.

బస్సు దారుల జాతీయీకరణను గురించి 'మాకు అన్యాయం జరిగింది' అని ఊరుకున్నావు. ఆ బాధ నాకు అర్థమవుతుంది, కానీ పాఠకుడికి లెక్క చూపించాలి. ఆ మోటారు వాహనాల చట్టానికి 1956లో చేసిన సవరణతో ప్రభుత్వ రవాణా సంస్థలు ప్రైవేటు యజమానుల దారులను తీసుకోవడానికి వీలు కలిగింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రద్దయిన పర్మిటుకు పరిహారం, మిగిలిన గడువులో నెలకు 200 రూపాయలు. అయిదేళ్ల గడువు మొత్తం మిగిలి ఉన్నా 12,000 రూపాయలే. బస్సు ఇంటి ముందే ఉంటుంది, తిరగడానికి దారి ఉండదు. కర్నూలు జిల్లా దారులను తీసుకోవడానికి వేసిన పథకాల మీద యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. రాజకీయ కక్షతో ఈ జిల్లాను ఎంచుకున్నారన్న ఆరోపణను నాటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి స్వయంగా ప్రమాణపత్రం వేసి ఖండించలేదని 1964 జనవరిలో కోర్టు ఎత్తిచూపింది. పథకాలు నిలవలేదు, ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. ఆ తీర్పును పూర్తిగా చదువు. ప్రభుత్వ బస్సు వచ్చాకనే మొదటిసారి రోడ్డు మొహం చూసిన పల్లెల మాట కూడా అదే అధ్యాయంలో రాయి, మీ ఇంట్లోవాళ్లకు నచ్చకపోయినా సరే.

అటక మీద ట్రంకుపెట్టెలో పాత వే బిల్లులు, అంటే కండక్టరు టికెట్ల లెక్క రాసిన కాగితాలు, ఉన్నాయని చివరలో ఒక వాక్యం రాశావు. నా మనసంతా అక్కడే ఆగింది. చిన్నతనంలో మా నాన్న పక్కన మీ మోటారులో కూర్చున్నప్పుడు, కండక్టరు ప్రతి స్టేజీ దగ్గర ఊదారంగు పెన్సిలును నాలుకకు తాకించి, మోకాలి మీద పెట్టుకున్న వే బిల్లులో టికెట్టు నంబరు వేసేవాడు. ఆలూరు చేరేసరికి ఆయన పెదవి ఊదాగా మారేది. ఆ నంబర్ల తేడాలు తీస్తే ఎవరు ఎక్కడ ఎక్కారో, ఏ సంతకు జనం కదిలారో, వానలు లేని ఏడాది కలెక్షను ఎంత పడిపోయిందో తెలుస్తుంది. వాటిని తేదీల వారీగా పేర్చు. ఆలూరులో ఉన్నాడన్న మీ పాత క్లీనరు దగ్గరికి వాటిని తీసుకువెళ్లి, ఒక్కొక్కటీ చూపించి, ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఆయనకు ఎనభై దాటాయన్నావు. రెండో అధ్యాయం ఆలస్యమైనా పరవాలేదు. ఈ వారమే ఆలూరు వెళ్లు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి